డిశ్చార్జి తర్వాత ఎవరి మాట వినాలి: ఏజెన్సీ మనిషా, వైజాగ్ స్పెషలిస్టా, ఇంటికొచ్చే ఫిజియోనా?

మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి స్టాఫ్‌రూమ్‌లో, పెళ్లిళ్లలో, ఆఖరికి నరసన్నపేట బస్సులో పక్కసీటావిడ కూడా నన్ను అడుగుతున్నది ఒక్కటే. “మీరు ఎవర్ని పెట్టుకున్నారమ్మా? ఎవర్ని అడిగితే మంచిది?” ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వాళ్లే చూసుకుంటారు. మంచం ఇంటికి చేరాకే మన పని మొదలు. మా వైపు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మేం మూడూ చూశాం, అదీ తప్పు వరసలో.

ముందు ఏజెన్సీ మనిషిని పెట్టాం. మా ఇద్దరి జీతాల్లో ఒకటి దాదాపు దానికే పోయింది. ఇరవై రోజుల్లో ముగ్గురు మారారు. ఫోన్లో నర్సు అన్నారు గానీ, వచ్చిన పిల్ల చదివింది ఇంటరు, నేర్చుకున్నది వారం రోజులు. అత్తయ్యని లేపాలంటే చచ్చుబడిన కుడిచెయ్యి పట్టుకుని లాగేది. ఆ అమ్మాయిని అని లాభం లేదు, మేమూ అలాగే లాగేవాళ్లం. పక్షవాతంలో భుజం కండరాలు వదులైపోయి కీలు కిందికి జారుతుంది, లాగితే ఇంకా జారుతుంది. భుజం వాచి, రాత్రిళ్లు అత్తయ్య మూలగడం మొదలెట్టాక గానీ మాకు ఆ సంగతి తెలీలేదు.

అయినా కొందరికి మనిషి తప్పదు. ఇంట్లో అందరూ ఉద్యోగాలకి పోయేవాళ్లయినా, ముక్కులోంచి తిండి పట్టే రైల్స్ ట్యూబో మూత్రం పోయే గొట్టం, అదే కేథటరో ఉన్నా పెట్టుకోవాల్సిందే. వచ్చేది పూర్తి నర్సింగ్ కోర్సు చదివిన జీఎన్ఎమ్మా, అంతకంటే చిన్న కోర్సు చదివిన ఏఎన్ఎమ్మా, ఉత్త అటెండరా అన్నది సర్టిఫికెట్ చూసే తేల్చుకోండి. మనిషి మారితే పాతావిడ కొత్తావిడకి ఒక పూట దగ్గరుండి చూపించి వెళ్లాలని ముందే మాట తీసుకోండి. మేం తీసుకోలేదు.

తర్వాత వైజాగ్. శ్రీకాకుళం నుంచే వంద కిలోమీటర్ల పైమాట, మాకు ఇంకా ఎక్కువ. కారు వెనకసీట్లో దిండ్లు పెట్టి పడుకోబెట్టి తీసుకెళ్తే రెండు గంటలు కూర్చోబెట్టారు. డాక్టరుగారు చూసింది పది నిమిషాలు. కానీ ఆ పది నిమిషాలూ ఊరికే పోలేదు. మా మాత్రల సంచీ బల్లమీద బోర్లించమన్నారు. పేర్లు వేరైనా బీపీ మందు ఒకటే, రెండు షీట్లు. ఇద్దరు డాక్టర్లు రాస్తే అత్తయ్య రెండూ వేసుకుంటోంది. నిద్రమాత్ర ఒకటి, తూలి పడడానికి అదే చాలన్నారు. మోకాళ్లకని ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పిబిళ్లలు వేరే. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లు వాటిని రోజూ మింగితే కిడ్నీల మీద పడుతుంది. ఉద్దానం ఉన్న జిల్లాలో కిడ్నీ గురించి నేను కొత్తగా చెప్పాలా! తొమ్మిది మాత్రలు అయిదయ్యాయి. అందుకే మూడు నాలుగు నెలలకోసారైనా వెళ్తాం. అయితే మనిషిని మంచం మీంచి కుర్చీలోకి ఎలా దించాలో ఆయన చెప్పలేదు, ఆయనకి అంత టైమూ ఉండదు.

నా మటుకు నాకు తేల్చేసింది ఆ దించడమే. రాత్రి రెండింటికి అత్తయ్య బాత్రూమ్ అంటే ఆ గదిలో ఉండేది నేను. వైజాగ్ డాక్టరు ఉండరు, ఏజెన్సీ అమ్మాయి డ్యూటీ ఏడింటికే అయిపోతుంది. నా చేతులకి పని రావాలి. అది నేర్పింది ఇంటికొచ్చిన ఫిజియో.

మొదటిరోజు అతను అత్తయ్యని ముట్టుకోకముందే నన్నడిగాడు, “మేడమ్, ఈవిడని లేపేదెవరు?” నేనే అన్నాను. “అయితే ఇవాళ పాఠం మీకే.” కుర్చీని అత్తయ్య బాగున్న వైపు, మంచానికి కాస్త ఏటవాలుగా వేయించాడు. ఇంట్లో ఉన్న పొందూరు తువ్వాలు మడతపెట్టి ఆవిడ నడుం చుట్టూ బిగించి, పట్టుకుంటే ఇదే పట్టుకోవాలి, చంకలో చెయ్యి వెయ్యొద్దన్నాడు. అత్తయ్య రెండు పాదాలూ నేలకి ఆనాలి. చచ్చుబడిన కాలి మోకాలికి ఎదురుగా నా మోకాలు అడ్డం. తర్వాత ఆవిడ ముందుకి వంగాలి, ముక్కు కాలివేళ్లకి నేరుగా పైకి వచ్చేంత. “ఏటే, బోర్లా పడగొట్టేస్తావేటి నన్ను?” అంది అత్తయ్య. పడలేదు. అంత వంగేసరికి బరువు పాదాల మీదకొచ్చి, సగం ఆవిడే లేచింది. ఇరవై రోజులు ఇద్దరం పట్టి ఈడ్చిన మనిషి!

మింగడం నేర్పేది స్పీచ్ థెరపిస్టులు. మాకు దగ్గర్లో దొరక్క ఇతన్నే అడిగాం. నీళ్లు తాగితే అత్తయ్యకి పొలమారేది, పల్చటివి గబుక్కున ఊపిరితిత్తుల వైపు జారతాయట. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి, చిక్కటి చోడి (రాగి) అంబలి స్పూనుతో పట్టించి చూపించాడు. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దన్నాడు. దగ్గుతోబాటు జ్వరమొస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పొమ్మన్నాడు.

ఫిజియోలందరూ ఇలా ఉండరు. మెషీను ఇరవై నిమిషాలు పెట్టి, ఫోను చూసుకుని, డబ్బు తీసుకుని పోయేవాళ్లూ ఉన్నారు. ఫిజియోథెరపీ డిగ్రీ, అంటే బీపీటీ చదివాడా అని అడగండి. లేపేదెవరని అతను మిమ్మల్ని అడిగాడా లేదా కూడా చూడండి. మాకు పది పన్నెండు విజిట్లు సరిపోయాయి, ఇప్పుడు నెలకోసారి వస్తున్నాడు.

మిగతావి క్లుప్తంగా. 14567 పెద్దల హెల్ప్‌లైను, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. పింఛను, ఆస్తి గొడవల్లాంటి వాటికి పనికొస్తుంది. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకి నెలకి 15,000 పింఛను ఉంది, డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి, సచివాలయంలో అడగండి. వృద్ధాశ్రమం మేం ఆలోచించలేదు.

ముందు ఫిజియో అన్న నా వరస ఒక్క దగ్గర మాత్రం తిరగబడుతుంది, మతిమరుపు. బొబ్బిలిలో మా పిన్ని తాళంచెవులు బియ్యం డబ్బాలో దాచి, పనిమనిషి ఎత్తుకుపోయిందని గొడవ పెడుతోంది. అక్కడ ఫిజియో ఏం చేస్తాడు? ముందు స్పెషలిస్టే చూడాలి, ఎందుకంటే థైరాయిడ్ వల్లో బి12 తగ్గడం వల్లో వచ్చే మతిమరుపుకి మందుంది. రాత్రంతా మేలుకుని పిన్నితో వేగలేక ఏడ్చిన మా తమ్ముడికి 14416 ఇచ్చాను, టెలీమానస్ వాళ్లది, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు. పిన్నికి బుధవారం అపాయింట్‌మెంట్. మాత్రల సంచీ మొత్తం పట్టుకెళ్లమన్నాను, తాళంచెవుల సంగతి పిన్ని ముందు కాకుండా డాక్టరుకి విడిగా చెప్పమన్నాను.