చంద్రగిరి అవతల తోపు నడక: నాలుగు స్టార్లు, ఐదోది సంగటి మింగేసింది

ఒక ఊరోళ్ళు వాళ్ళ అమ్మవారి తోపుని డబ్బు తీసుకుని నడిపించి చూపిస్తారు, మొన్న ఆదివారం మా ఆయన, పిల్లోళ్ళు, మా చిన్నత్త అందరం దానికి పోయినాం. చంద్రగిరి దాటి భాకరాపేట రోడ్డులో పోతా ఉంటే లోపలికి ఒక మట్టిరోడ్డు. ఊరి పేరు రాయొద్దని ఊరోళ్ళే చెప్పినారు, రాస్తే ఆదివారం ఆదివారం బీరు సీసాలు ఏరుకోవాల్సొస్తాదంట, అందుకే రాయడంలా, తెలిసినోళ్ళని అడిగి పోండి. ముందురోజే ఫోన్ చేయాల, 15 మంది దాటితే ఒప్పుకోరు.

తోపు అంతా కలిపి అయిదారెకరాలే. మధ్యలో అమ్మవారు, గుడంటే గోపురం గీపురం లేదు, నాలుగు రాళ్ళు, పసుపు కుంకం, అంతే. వంక గట్టున తెల్లమద్దులు చూడాల, మేం ముగ్గురం చేతులు పట్టుకున్నా చుట్టు అందలా. ఎండుపుల్ల కూడా ఇంటికి తీసకపోగూడదు, జాతరలో పొంగళ్ళకి మాత్రమే. చెప్పులు బయటే, ముల్లు గుచ్చుకుంటే మీ కర్మ.

దారి చూపించినాయన్ని పిల్లోళ్ళు తాతా అంటే పలికినాడు. ఎర్రచందనం చూపిస్తాడని అస్సలు అనుకోలా. బెరడు మొసలి వీపు మాదిరి గళ్ళుగళ్ళు, ఆకు మూడు రెబ్బలు. తనంతట తాను పెరిగేది మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లోనే అని చిన్నప్పట్నుంచి వింటానే ఉన్నాం గానీ ముట్టుకుని చూసింది ఇదే మొదలు. మావాడు గోరుతో గీకబోతే తాత టక్కున చెయ్యి పట్టుకున్నాడు, గీస్తే నెత్తురు కారినట్టు కారతాదంట.

నాకు బాగా నచ్చింది మాత్రం చెట్లు కాదు, మంట లోపలికి పాకకుండా తోపు చుట్టూ రెండు బారల వెడల్పున గడ్డి చెక్కేసి బోడిగా పెట్టినారే ఆ దారి. మాఘం పోయేలోపల ఇంటికొక మనిషి పారతో రావాలంట, రానోళ్ళు కూలి డబ్బులు కట్టాల. 2014 మార్చిలో శేషాచలం తగలబడితే ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు నీళ్ళు పోసినాయి కదా, మిద్దెమీద నుంచి ఆ పొగ చూసినోళ్ళం మేము. బోదగడ్డి ఎండినాక ఒక్క బీడీ చాలు. ఆ మాటే అంటే తాత, "మా తోపుకి హెలికాప్టర్ యాడొస్తాదమ్మా, మా పారలే రావాల" అన్నాడు.

పెద్దోళ్ళకి 200, పిల్లోళ్ళకి 100, తిండి అందులోనే. ఆ డబ్బు దేనికి పోయిందో రాసిన నోటుబుక్కు రచ్చబండ దగ్గర తాడుకట్టి వేలాడదీసినారు, ఎవరైనా తిప్పి చూడొచ్చు. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్క కూడా అట్ట ఉంటే బాగుండు.

ఇంగ కంప్లైంట్లు. బాత్రూం లేదు, ఎవరింటికో పోయి అడగాల, చిన్నత్త బాగా ఇబ్బంది పడింది. సంగటి పొద్దున్నే కెలికినట్టుండారు, మేం తినేసరికి గట్టిగా రాయి. చెనక్కాయల ఊరిబిండి మాత్రం అదిరింది, ఇంకోసారి అడిగి వేయించుకున్నాం. జలపాతం, సెల్ఫీలు కావాలంటే తలకోనకి పోండి, అక్కడ కూడా ఊరోళ్ళే, వన సంరక్షణ సమితి అని సంఘంగా ఏర్పడి చూసుకుంటారు, 270 అడుగుల ఎత్తు నుంచి పడతాయి నీళ్ళు. ఇక్కడి వంకలో మోకాలు కూడా తడవదు.

కారెక్కేటప్పుడు తాత మావాడి జేబులు తడిమినాడు. ఒక ఎర్రచందనం కాయ (చుట్టూ రెక్కున్న గుండ్రటి ఎండుకాయ), రెండు గులకరాళ్ళు దొరికినాయి. కాయ తీసకపోయి తోపులోకి విసిరేసొచ్చినాడు, రాళ్ళు తిరిగిచ్చేసినాడు. మావాడు ఇంకా అలిగే ఉండాడు.