గంటస్తంభం దగ్గర కొన్న గడియారం కిట్

విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ స్టేషనరీ షాపులో మా పాపకి టైమ్ నేర్పుదామని అట్టతో చేసుకునే గడియారం కిట్ కొన్నాను, 120 రూపాయలు. అట్ట గట్టిదే, రంగులూ బాగున్నాయి. ముళ్ళు బిగించే పిన్ను మాత్రం మరీ వదులు, నిలబెడితే చిన్నముల్లు జారిపోయి ఎప్పుడూ ఆరు మీదే ఉంటుంది, చొక్కా గుండీ పెట్టి దారంతో కడితే ఆగింది. అసలు చిరాకు ఏంటంటే, కిట్‌లో ఇచ్చిన బొమ్మలో మూడున్నరకి చిన్నముల్లు సరిగ్గా 3 మీదే ఉంది, అది 3కీ 4కీ మధ్యలో ఉండాలి కదా, పిల్లలు తికమకపడేదే అక్కడ! నిమిషాల గీతలు లేవు, అందుకే అంకె అంకెకీ మధ్య అయిదేసి చింతపిక్కలు పేర్పించాను, 60 దాకా లెక్కపెట్టేస్తోంది. ఇంట్లో పాత శుభలేఖ అట్టలుంటే మాత్రం ఇది కొనక్కర్లేదు.