ఒకే కిడ్నీ ఉన్న పిల్లవాడికి ఏది మేలు: కబడ్డీనా, ఫుట్‌బాలా, లాంగ్ జంపా?

మా మేనల్లుడికి పదిహేనేళ్లు. అనంతపురం పక్క పల్లెలో కబడ్డీ కూతకు వెళ్లాడంటే ఉత్త చేతులతో తిరిగి రాడు. కడుపునొప్పికని స్కానింగ్ తీయిస్తే, పుట్టుకతోనే ఎడమ కిడ్నీ లేదని తేలింది. ఆ సాయంత్రమే మా అక్క వాడి ఆట బట్టలు అటకెక్కించింది.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే పేరు అంజూ బాబీ జార్జ్. 2003లో పారిస్ ప్రపంచ అథ్లెటిక్స్‌లో 6.70 మీటర్లు దూకి కాంస్యం గెలిచిన ఆమె, తనకున్నది ఒకే కిడ్నీ అని 2020లో వెల్లడించారు. ధైర్యానికి ఆ పేరు చాలు. మా సందేహం మాత్రం దానితో తీరదు. లాంగ్ జంప్‌లో ఎవరూ వచ్చి మీద పడరు కదా!

ఇక ఫుట్‌బాల్. అమెరికాలో 1995-97 మధ్య హైస్కూలు ఆటగాళ్ల గాయాలను లెక్కిస్తే 23 వేలకు పైగా తేలాయి. అందులో కిడ్నీకి తగిలినవి 18. ఒక్కదానికీ ఆపరేషన్ అవసరం పడలేదు. మన ఫుట్‌బాల్‌కన్నా ఎక్కువగా ఒళ్లు గుద్దుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ కూడా అందులో ఉంది. అక్కడి పిల్లల వైద్యుల సంఘం కూడా ఈ ఆటలను పూర్తిగా నిషేధించలేదు, ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి అనుమతించమంది. అసలు పిల్లల ఆటపాటల్లో కిడ్నీకి ఎక్కువగా దెబ్బలు తగిలేది సైకిల్ మీద నుంచి పడి. అలాగని సైకిల్‌ను అటకెక్కించిన తల్లిని నేను చూడలేదు.

ఆ లెక్కల్లో కబడ్డీ లేదు. నడుము పట్టు పట్టి, నలుగురైదుగురు ఒకేసారి మీద పడే ఆట అది. ఒంటరి కిడ్నీ రెండింటి పని చేస్తూ మామూలుకన్నా పెద్దదవుతుంది. అంతమేరకు పక్కటెముకల చాటు తగ్గవచ్చు. అందుకే నా ఓటు ఫుట్‌బాల్‌కే. అదైనా కిడ్నీ ఉండవలసిన చోట, ఉబ్బు లేకుండా ఉందని డాక్టరు చూసి చెప్పాకే. కటి భాగంలోకి దిగి ఉన్నా, మూత్రం నిలిచి ఉబ్బినా లాంగ్ జంపే నయం. నడుముకు కట్టే ప్యాడ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేవి మా ఎండలు, నొప్పి మాత్రలు. నీళ్లు తాగకుండా మే నెల ఎండలో ఆడి, సాయంత్రం డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీకి ఎవరూ తన్నకుండానే దెబ్బ. ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. నడుముకు దెబ్బ తగిలాక మూత్రం ఎర్రగా వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు సరేనన్నాక మా అక్క ఫుట్‌బాల్ బూట్లు కొనిపెట్టింది. మైదానానికి వాడు వెళ్లేది మాత్రం సైకిల్ మీదే.