దసరా పాలపిట్ట: పంజరం కంటే పొలం గట్టే నయం

దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోయేటప్పుడో, వచ్చేటప్పుడో పాలపిట్ట కంటపడాలన్నది తెలంగాణలో గట్టి పట్టింపు. అజ్ఞాతవాసం ముగించుకొని వస్తున్న పాండవులకు అది ఎదురొచ్చిందంటారు. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాష్ట్రపక్షి, ఇప్పుడు తెలంగాణకూ అదే. ఊళ్లోవాళ్లు చేను దాకా నడిస్తే పనైపోతుంది. పట్నంవాళ్ల కోసం మాత్రం ఒక దందా పుట్టింది. గుడి ముందో, పూజ జరిగే గ్రౌండులోనో పంజరం పెట్టి, దాని మీద గుడ్డ కప్పి, డబ్బులిచ్చినవాళ్లకు గుడ్డ ఎత్తి చూపిస్తారు.

ఈ సేవకు మార్కులు సున్నా. చట్టం సంగతి తర్వాత చూద్దాం, అసలు పెట్టిన డబ్బుకు చూడాల్సిందే కనబడదు. కూర్చున్న పాలపిట్ట రొమ్ము దగ్గర కాస్త ఎర్రమట్టి రంగు, వీపు మీద మాసిన గోధుమ రంగు, నెత్తిన నీలం టోపీ. అంతే. ముదురు నీలం, లేత నీలం పట్టీలు రెక్క విప్పితేనే పూర్తిగా బయటపడతాయి. రెక్కలు చాపితే రెండడుగులు దాటే పిట్టకు ఆ పంజరంలో చోటెక్కడ? పైగా ఆ నీలం ఈకకు అద్దిన రంగు కాదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం మీద వెలుతురు చెదిరి పుట్టేది. గుడ్డ నీడలో అది వెలవెలబోతుంది.

పిట్ట పరిస్థితి ఇంకా అధ్వానం. ఎగరకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు, లేదంటే బంకతో అంటిస్తారు, కాళ్లకు దారం కడతారు. దాని తిండి మిడతలు, పేడపురుగులు, చిన్న బల్లులు. పంజరంలో గింజలు చల్లితే ముట్టదు. పుణ్యం వస్తుందని కొని వదిలేసేవాళ్లకు ఒక మాట: కత్తిరించిన ఈక పాతది రాలి కొత్తది మొలిచే దాకా పెరగదు, వదిలిన పిట్ట గోడ పక్కన కుక్కల పాలవుతుంది. మీరిచ్చిన డబ్బు వచ్చే ఏడాది వేటకు పెట్టుబడి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, బంధించడం నేరం. కనబడితే కొనకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి.

ఇక అసలు దర్శనం. ఊరి బయట చేల మీదుగా పోయే కరెంటు తీగలు, స్తంభాలు, ఎండిన కొమ్మలు చూసుకుంటూ పోండి. మక్క కోసిన చేను, ట్రాక్టరు దున్నుతున్న చోటు అయితే మరీ మంచిది, పురుగులు పైకి లేస్తాయి కాబట్టి. పొద్దున తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక. సూర్యుణ్ని వీపు వెనక ఉంచుకొని, 40 మీటర్ల దూరంలో ఆగి, బండిలోనే కూర్చోండి. దిగి నడిస్తే లేచిపోతుంది. అది పురుగు కోసం నేలకు దూకే క్షణమే మీరు వచ్చిన పని. చెరువు పక్క తీగ మీద పొడుగాటి ఎర్రముక్కు, తెల్లరొమ్ము ఉన్నది లకుముకి పిట్ట. దాన్ని చూసి దండం పెట్టి వచ్చేవాళ్లు తక్కువేం కాదు!

బైనాక్యులర్ కొనాలనుకుంటే 8×42 చాలు, అంటే 8 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. 10 రెట్లది చూడ్డానికి గొప్పగానే ఉంటుంది, కానీ ఉదాహరణకు నికాన్ కంపెనీ ఆక్యులాన్ ఎ211 మోడల్ చూడండి: 40 మీటర్ల దగ్గర 8 రెట్లది 5.6 మీటర్ల వెడల్పు చూపిస్తే, 10 రెట్లది 4.2 మీటర్లే. పిట్ట దూకగానే చట్రంలోంచి జారిపోతుంది, చేతి వణుకు కూడా ఎక్కువ తెలుస్తుంది. అయితే ఆక్యులాన్ బరువు 755 గ్రాములు, వానకు తట్టుకోదు, కళ్లద్దాలవాళ్లకు చుట్టూ అంచులు కోసేసినట్టు కనబడుతుంది. అలాంటివాళ్లు అదే కంపెనీ ప్రోస్టాఫ్ పి3 తీసుకోవాలి. వెడల్పు కాస్త తగ్గి 5 మీటర్లే అయినా, తేలిక, తడిసినా భయం లేదు. జాతరల్లో అమ్మే ‘30×60’ ఎర్రటి అద్దాలవి మాత్రం వద్దు. ఆ పూత ఎర్ర వెలుతురును తిప్పికొడుతుంది, బొమ్మంతా ఆకుపచ్చ నీలంలో మునుగుతుంది. రంగు కోసం చూసే పిట్టకు అంతకన్నా పనికిరానిది లేదు.

వాడే ముందు కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ వైపు స్పష్టం చేసుకోండి, తర్వాత ఎడమకన్ను మూసి కుడి గొట్టం మీది రింగు తిప్పండి. ఈ రెండో పని చేయకే చాలామంది తలనొప్పి వస్తోందని పెట్టెలో పడేస్తారు. పెట్టేటప్పుడు తోలు సంచిలో కాకుండా, మూత బిగుతుగా ఉండే డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. వానాకాలం దాటేసరికి అద్దాల మీద సాలెగూడులా బూజు పట్టేది సంచిలో దాచినవాటికే.