ఒకే ప్రశ్న పట్టుకుని గూగుల్ స్కాలర్, పబ్‌మెడ్, ఎరిక్ మూడూ తిరిగొచ్చాను

ముందే చెప్పేస్తున్నా, నేను రీసెర్చ్ చేసేదాన్ని కాదు. పీహెచ్‌డీ లేదు, ఏ యూనివర్సిటీ లైబ్రరీ లాగినూ లేదు. ఇంట్లో ఒక గొడవ తేల్చుకోవడానికి పరిశోధన పేపర్లు వెతికిపెట్టే ఈ మూడు సైట్లలోకి దిగాను, రెండు నెలలు బయటికి రాలేదు. గొడవేంటంటే మా అమ్మాయికి 15 ఏళ్ళు, పొద్దున్న లేవదు. బడి ఇంకో గంట ఆలస్యంగా మొదలైతే ఎంత బాగుండు అని నేను అన్నప్పుడల్లా మా నాన్నది ఒకటే మాట, "లేటుగా లేపితే ఇంకా లేటుగా పడుకుంటుందమ్మా, అంతకుమించి ఏం జరగదు." వినడానికి లాజిక్ బానే ఉంది. కానీ ఇంత పెద్ద ప్రపంచంలో ఎవరో ఒకరు ఈపాటికి దీన్ని కొలిచే ఉంటారు కదా అనిపించింది.

కొలిచారు. అదీ మూడు వేర్వేరు లోకాల వాళ్ళు, ఒకళ్ళు రాసేది ఇంకొకళ్ళు చదవరేమో అన్నట్టుగా ఎవరి భాషలో వాళ్ళు రాసి పెట్టుకున్నారు. అందుకే ఇది మూడు సర్వీసుల రివ్యూ. మూడూ ఉచితం, మూడూ ఫోన్లో తెరుచుకుంటాయి, మూడిట్లోనూ ఇంగ్లీషులో అడిగితేనే బాగా దొరుకుతాయి.

గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టాను, అందరూ అక్కడే మొదలుపెడతారు. 2004 నుంచీ ఉంది. ఫిజిక్స్, వైద్యం, చదువు, చట్టం అన్నీ ఒకే పెట్టెలో. స్కూల్ స్టార్ట్ టైమ్, స్లీప్ అని కొట్టగానే వరద వచ్చి పడింది. ఇందులో నాకు పిచ్చగా నచ్చింది ప్రతి పేపర్ కిందా ఉండే 'సైటెడ్ బై' అనే చిన్న లింకు. అది నొక్కితే ఆ పేపర్‌ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో అంతా వస్తుంది, అంటే ఒక పాత పేపర్ దొరికితే దాని పిల్లలు, మనవలు, మునిమనవల దాకా వెళ్ళిపోవచ్చు. నేను పట్టుకున్న తాత 1993 నాటిది. నిద్ర మీద పరిశోధన చేసే మేరీ కార్స్కాడన్ బృందం 11, 12 ఏళ్ళ పిల్లల్ని అడిగి చూస్తే, యుక్తవయసు మార్పులు ఎంత ముందుకెళ్తే రాత్రి మెలకువగా ఉండటం వైపు అంత మొగ్గు కనిపించిందట. అంటే బద్ధకం ఒక్కటే కాదన్నమాట, ఒంట్లో గడియారమే జరుగుతోంది.

ఆ గడియారం అనే మాట పట్టుకుని వెనక్కి వెళ్తే ఈగలొచ్చాయి. నిజంగానే, పండ్ల మీద వాలే చిన్న ఈగలు! 1971లో రొనాల్డ్ కొనొప్కా, సీమోర్ బెంజర్ మూడు రకాల తేడా ఈగల్ని పట్టుకున్నారు. ఒకదానికి రోజంటే 19 గంటలు, ఇంకోదానికి 28 గంటలు, మూడోదానికి అసలు రోజూ లేదు రాత్రీ లేదు. మూడిటి లోపమూ ఒకే జన్యువులో. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో తేల్చినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది. మా అమ్మాయి అలారం నుంచి ఈగల దాకా ఒక్క సాయంత్రంలో వెళ్ళాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి.

ఇంత పొగిడాక తిట్టాల్సింది కూడా ఉంది. స్కాలర్ దేన్నీ వడగట్టదు. పీర్ రివ్యూ అయిన పేపర్, అంటే అదే రంగంలోని వేరేవాళ్ళు చదివి తప్పులు పట్టాక అచ్చయినది, ఎవరో పెట్టుకున్న థీసిస్, ఇంకా ఎవరూ పరిశీలించని ప్రీప్రింట్, అన్నీ ఒకే వరసలో ఒకే ముఖంతో నిలబడతాయి. పీర్ రివ్యూ అయినవి మాత్రమే చూపించు అనే బటన్ లేదు. లక్షల ఫలితాలు అని పైన రాసినా చూపించేది మొదటి 1000 వరకే. నాలాంటి వాళ్ళు పైన రెండు చూసి వాటినే నమ్మేసే ప్రమాదం ఉంది. 5కి 3.5 ఇస్తాను, అందులో ముప్పావు వంతు సైటెడ్ బై కోసమే.

తర్వాత వైద్య పరిశోధనల పబ్‌మెడ్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా గొడవ తేలింది ఇక్కడే. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతుంది, 1996లో మొదలై 1997 నుంచి అందరికీ ఉచితంగా తెరిచారు, 3.7 కోట్లకు పైగా పేపర్ల వివరాలు ఉన్నాయి. సైజు కన్నా నన్ను పడేసింది దాని వెనకున్న సర్దుబాటు. మనం మామూలుగా హార్ట్ ఎటాక్ అని కొడితే అది తనంతట తనే మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అనే డాక్టర్ల మాటని కూడా కలుపుకుని వెతుకుతుంది. మెష్ అనే పదకోశం ఒకటి 1960 నుంచీ పెంచుకుంటూ వచ్చారు, పేపర్లకి అందులోంచి ట్యాగులు తగిలిస్తారు. అందుకే మామూలు ఇంగ్లీషు మాటల్లో అడిగినా డాక్టర్ల మాటల్లోవి దొరుకుతాయి.

ఎడమవైపు ఫిల్టర్లుంటాయి, ఫోన్లో అయితే కొంచెం వెతుక్కోవాలి. సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ వెతికి బేరీజు వేసే సమీక్ష), మెటా ఎనాలిసిస్ (ఆ పేపర్ల లెక్కలన్నీ కలిపి తేల్చేది), క్లినికల్ ట్రయల్, ఉచితంగా పూర్తి పేపర్ దొరికేవి. వయసు కూడా పెట్టుకోవచ్చు, 13 నుంచి 18 అని ఒక గడి ఉంది, అది టిక్ చేశాకే నా పని సులువైంది.

అక్కడ దొరికింది సియాటిల్ పేపర్, 2018 చివర్లో వచ్చింది. ఆ ఊళ్ళో హైస్కూళ్ళ టైము పొద్దున్న 7:50 నుంచి 8:45కి మార్చారు. మారకముందు ఒక ఏడాది, మారాక ఒక ఏడాది, రెండు స్కూళ్ళలో కలిపి ఏడాదికి దాదాపు 90 మంది చొప్పున పిల్లల చేతికి కదలికలు కొలిచే వాచీలు కట్టారు. నిద్ర 6 గంటల 50 నిమిషాల నుంచి 7 గంటల 24 నిమిషాలకి పెరిగింది, అంటే 34 నిమిషాలు. జీవశాస్త్రం క్లాసు మార్కులు 4.5 శాతం ఎక్కువ. మా నాన్న మాటకి జవాబు మాత్రం ఇంకో లైన్లో ఉంది, పడుకునే టైము పెద్దగా జరగలేదు, లేచే టైమే జరిగింది!

వెంటనే ఫోన్ తీసుకెళ్ళి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివి, "రెండేళ్ళూ అదే పిల్లలా?" అని అడిగారు. కాదు. మొదటి ఏడాది ఒక బ్యాచ్, రెండో ఏడాది ఇంకో బ్యాచ్. రెండు బ్యాచ్‌ల మధ్యా వేరే తేడాలు ఉండొచ్చుగా అన్నారు. ఆయన రిటైరై ఎన్నేళ్ళయినా లెక్కల మాస్టారే.

అందుకని ఒక్క పేపర్ మీద ఆగకుండా సమీక్షల ఫిల్టర్ పెట్టాను. 2014లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ పెద్ద క్లాసుల బడులు 8:30కి ముందు మొదలవకూడదని సిఫారసు చేసింది. వైద్య సాక్ష్యాలన్నీ బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ నుంచి 2017లో వచ్చిన సమీక్ష మాత్రం అంత ఊపు చూపించలేదు, లాభం ఉండొచ్చు గానీ ఉన్న సాక్ష్యం నాణ్యత తక్కువ, గట్టిగా తేల్చలేం అంది. నాకు కాస్త నీరసం వచ్చింది, నాన్నకి మాత్రం అదే బాగా నచ్చింది.

పబ్‌మెడ్‌లో ఇంకో సుగుణం, వెనక్కి తీసుకున్న పేపర్ల మీద ముద్ర కొట్టి చూపిస్తుంది. టీకాలకీ ఆటిజంకీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్, లాన్సెట్ అనే వైద్య పత్రికలోది, తీసి చూడండి. 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో వెనక్కి తీసుకున్నారు, టైటిల్ ముందే రిట్రాక్టెడ్ అని ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగేటప్పుడు ఆ ముద్ర ఉండదు కదా.

లోపం ఏంటంటే పబ్‌మెడ్‌లో చాలావాటికి సారాంశమే ఉంటుంది, పేపర్ ఉండదు. పూర్తి పేపర్లకి పబ్‌మెడ్ సెంట్రల్ అని 2000లో మొదలైన చెల్లెలు ఉంది, అక్కడ లేకపోతే పబ్లిషర్ గుమ్మం దగ్గర ఆగిపోతాం. నాకు అలాగే ఒక సైటు, పేరెందుకులెండి, డబ్బు కడితే గానీ చూపించనంది. కట్టేయబోయి, ఎందుకైనా మంచిదని స్కాలర్‌కి వెళ్ళి అదే పేపర్ కింద 'ఆల్ వెర్షన్స్' నొక్కితే, రాసినవాళ్ళ యూనివర్సిటీ పేజీలోనే ఉచితంగా ఉంది. కార్డు పర్సులో పెట్టేశాను. పబ్‌మెడ్‌కి 4.5.

ఎరిక్ గురించి తెలిసినవాళ్ళు తక్కువ. చదువుల పరిశోధనకి ఇది 1960ల నుంచీ ఉన్న గోదాము, అమెరికా విద్యాశాఖది. చూడటానికి పాతకాలం ఆఫీసులా ఉంటుంది, కానీ అడిగే విధానం తెలిస్తే బాగా ఇస్తుంది. ఇక్కడ స్లీప్ అని వెతకడం కన్నా స్కూల్ షెడ్యూల్స్ అని దాని సొంత పదంతో వెతకాలి. ఆ పదం పెట్టగానే అసలు వేరే ప్రపంచం తెరుచుకుంది. డాక్టర్లు పెద్దగా పట్టించుకోని సంగతులన్నీ ఇక్కడే. పెద్ద పిల్లల్ని దింపొచ్చిన బస్సే మళ్ళీ చిన్న పిల్లలకి వెళ్ళాలి, టైము మారిస్తే ఆ వరసంతా చెదురుతుంది. సాయంత్రం ఆటలు ఏమవుతాయి, తమ్ముణ్ణో చెల్లినో చూసుకోవడానికి ఇంటికి రావాల్సిన పిల్లల సంగతేంటి. పరిశోధన అంటే ల్యాబే అనుకునే నాకు బస్సుల టైమ్‌టేబుల్ కూడా పరిశోధనే అని ఇక్కడే తెలిసింది.

రెండు గడులు టిక్ చేయడం మర్చిపోవద్దు, పీర్ రివ్యూడ్ ఓన్లీ ఒకటి, పూర్తి పేపర్ ఎరిక్‌లోనే ఉన్నవి అనేది ఇంకోటి. నంబరు ఇజె అని మొదలైతే జర్నల్ వ్యాసం, ఇడి అని మొదలైతే రిపోర్టు లాంటిది. రిపోర్టుల్లో కొన్ని బంగారం, కొన్ని ఉత్త కాగితం. 4 ఇస్తాను.

ఒక ఏఐ యాప్‌ని కూడా ఇదే ప్రశ్న అడిగాను, పేరు వద్దు. చక్కగా ఒక పేపర్ చెప్పింది, టైటిలూ, ఏడాదీ, ముగ్గురి పేర్లతో సహా. మూడిట్లోనూ వెతికాను, లేదు. అలాంటి పేపర్ నాకు ఎక్కడా కనిపించలేదు. ఇప్పుడు ఎవరు ఏ స్టడీ అన్నా ముందు టైటిల్ అడుగుతున్నా.

ఇంట్లో సంగతి ఎక్కడిదక్కడే ఉంది, బడి టైము మన చేతిలో లేదు కదా. మా అమ్మాయి ఇంకా నిద్రపోతూనే ఉంది. నిన్న మాత్రం నాన్న తన మోకాలి నొప్పి సంగతి వెతుక్కుంటూ ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఆ సమీక్షల గడి ఎక్కడుందమ్మా, ఒక్కొక్కటీ ఎవడు చదువుతాడు" అన్నారు.