మలయ్ ఆర్కిపెలాగో ఆడియోబుక్ విన్నాను, డోరే చాప్టర్ రెండుసార్లు విన్నా

ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఇప్పటి మలేషియా, ఇండోనేషియా వైపు దీవుల్లో తిరిగిన ప్రయాణం గురించి 1869లో వేసిన పుస్తకం ఇది. కొత్త కొత్త పక్షులు, సీతాకోకచిలుకల గురించి విందామని మొదలుపెట్టా, కానీ వాటిని పట్టి దాచడానికి ఆయన పడ్డ అవస్థే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

ఈ ప్రయాణానికి ముందు సంగతి కూడా తెలిస్తే ఇంకా బాగా ఎక్కుతుంది. అమెజాన్‌లో నాలుగేళ్ళు తిరిగి 1852లో ఇంటికి వస్తుంటే ఓడ తగలబడి వెంట తెచ్చుకుంటున్నదంతా దాదాపు బూడిదైపోయింది, పది రోజులు పడవలో సముద్రం మీదే ఉన్నారు, తమ్ముడు అంతకుముందే అక్కడ ఎల్లో ఫీవర్‌తో పోయాడు. అలాంటి మనిషి రెండేళ్ళు తిరక్కుండానే సింగపూర్‌లో దిగి ఎనిమిదేళ్ళు ఆ దీవుల్లోనే ఉండిపోయాడు అంటే నాకైతే నోట మాట రాలేదు.

న్యూగినీలోని డోరే చాప్టర్ మాత్రం వదలొద్దు. చీమలు బల్లెక్కి అట్టలకి అంటించిన పురుగుల్ని ఆయన కళ్ళ ముందే పీక్కుపోతుంటాయి, ఈగలేమో ఆరబెట్టిన పక్షి తోళ్ళ మీద గుడ్లు పెట్టేస్తాయి, ఇవి చాలవన్నట్టు పడిపోయిన చెట్ల మీద ఎక్కి దిగుతూ చీలమండ దగ్గర దెబ్బ తగిలి అది పుండై ఇంట్లోంచి కదల్లేని పరిస్థితి. గుమ్మం ముందు నుంచి సీతాకోకచిలుకలు ఎగిరిపోతుంటే రోజుకి ఇరవై ముప్పై కొత్త రకాలు దొరకాల్సిందే అని లెక్కేసుకుంటూ కూర్చున్నాడు పాపం. అక్కడ నాకు గొంతు పట్టేసింది.

బచాన్ దీవిలో బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక దొరికినప్పుడు ఆ ఆనందానికి రోజంతా తలనొప్పి వచ్చిందని రాశాడు, ఆ పేజీ కూడా అంతే బాగుంటుంది. మొత్తం 1,25,660 నమూనాలు తెచ్చాడు, అందులో 83,200 బీటిల్సే (పెంకు పురుగులే).

నాకు నచ్చనిది ఒకటుంది. బోర్నియో దీవిలోని సరావాక్ కుర్రాడు అలీ ఏళ్ళ తరబడి వెంట ఉండి పక్షుల్ని వేటాడాడు, స్టాండర్డ్‌వింగ్ అనే ఆ వింత పక్షిని మొదట పట్టుకొచ్చింది అతనే, అయినా అతని గురించి పుస్తకంలో చాలా తక్కువ ఉంది, అతనికేం జ్వరాలొచ్చాయో ఏం తిన్నాడో నాకు వినాలనుంది. అక్కడి జనం గురించి రాసిన భాగాలు కూడా ఇప్పుడు వినడం కష్టమే.

ఆడియో విషయానికొస్తే చదివినాయన గొంతు బావుంది గానీ దీవుల పేర్లు గబగబా చదివేస్తాడు, టెర్నేట్ ఎక్కడ ఆరూ ఎక్కడ అని నేను రెండు చాప్టర్లు తికమకపడి చివరికి మ్యాప్ తెరిచి పెట్టుకుని విన్నా, మీరు మొదటి నుంచే అలా వినండి. ఐదుకి నాలుగు ఇస్తున్నా.