జీబోర్డులో తెలుగు: దిద్దడం ఆపండి, సూచనలు ఉంచండి

మనం కొట్టిన పదాన్ని తనంతట తానే మార్చేసే ఆటోకరెక్ట్ విసిగించగానే చాలామంది కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనబడ్డ స్విచ్చులన్నీ ఆపేస్తారు. దాంతో పైన పదాలు చూపించే పట్టీ కూడా పోయి, ప్రతి పదం అక్షరం అక్షరంగా కొట్టుకోవాల్సి వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డును ఏళ్ల తరబడి తెలుగుకీ ఇంగ్లిషుకీ కలిపి వాడుతున్నాక నేను గట్టిగా చెప్పేది ఇదే: మనల్ని అడక్కుండా దిద్దే పని ఆపాలి, అడిగి ఇచ్చే సూచనలు మాత్రం ఉంచుకోవాలి.

కీబోర్డు పైన ఎడమ మూల ఉన్న నాలుగు గడుల బొమ్మ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే టెక్స్ట్ కరెక్షన్ కనిపిస్తుంది. కొత్త వెర్షన్లలో ఇదే కరెక్షన్స్ అండ్ సజెషన్స్ అని ఉంటుంది. అందులో ఆటో కరెక్షన్ ఆపండి. షో సజెషన్ స్ట్రిప్, నెక్స్ట్ వర్డ్ సజెషన్స్ ముట్టుకోకండి. ఇంగ్లిషు కీబోర్డు మీదే తెలుగు మాటలు రాసేవాళ్లకి ఇది మరీ అవసరం. ఆటో కరెక్షన్ ఉంటే ‘ఉండు’ అన్నది ‘అన్‌డూ’ అయిపోవచ్చు, ‘వస్తా’ అన్నది ‘వాస్ట్’ అయిపోవచ్చు. పంపేశాక గానీ చూసుకోం. అలాంటివాళ్లు స్పెల్ చెక్ కూడా ఆపేస్తే పదాల కింద ఎర్రగీతలు పోతాయి. ఇంగ్లిషు ఎక్కువ రాసేవాళ్లు మాత్రం ఆటో కరెక్షన్ ఉంచుకుని, అన్‌డూ ఆటో కరెక్ట్ ఆన్ బ్యాక్‌స్పేస్ అనేది పెట్టుకుంటే చాలు. మారిపోయిన పదం పక్కన బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే మనం కొట్టిందే తిరిగి వస్తుంది.

ఎక్కువమంది తికమకపడేది ఇంకోచోట. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పదంగా మార్చే కీబోర్డు ఉంది కదా, దాంట్లో ఆటోకరెక్ట్ ఆపినా తప్పు పదాలు పడుతూనే ఉంటాయి. అది ఆటోకరెక్ట్ తప్పు కాదు. కే ఏ ఎల్ ఏ అని కొడితే కల, కళ, కాల ఏదైనా కావచ్చు. కీబోర్డు ఎక్కువమంది వాడే రూపాన్ని ఊహించి ముందు పెడుతుంది, స్పేస్ నొక్కగానే ఆ మొదటిదే పడిపోతుంది. కాబట్టి స్పేస్ నొక్కే ముందే పట్టీ మీద చూపు పడాలి, కావలసింది రెండోదో మూడోదో అయితే దాన్ని వేలితో ఎంచుకోవాలి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాయించే లేఖిని లాంటి పరికరాల్లో పెద్ద ఎల్ కొడితే ళ, పెద్ద ఎన్ కొడితే ణ అని నియమం ఉంది. జీబోర్డులో నడిచేది ఊహే. ళ, ణ, దీర్ఘాలు, ఒత్తులు తప్పకూడని పెద్ద రాతపని ఉంటే లాంగ్వేజెస్‌లో యాడ్ కీబోర్డ్ నొక్కి తెలుగు అక్షరాల అమరిక వేసుకోండి. చేయి తిరగడానికి కొన్నాళ్లు పడుతుంది గానీ, మీరు కొట్టిందే పడుతుంది. నా ఓటు దానికే.

తెలుగులో దిద్దుబాటు కుదరకపోవడానికి భాష తీరే కారణం. ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇంటిదాకా, ఇళ్లల్లోంచి: ఒక్క మాటకే ఎన్నో రూపాలు. పైగా సంధులు. నిఘంటువులో లేని రూపం తప్పని కాదు, దాన్ని దగ్గర మాటకి లాగేస్తే అర్థం చెడుతుంది. అందుకే పర్సనల్ డిక్షనరీ వాడుకోవాలి. సెట్టింగ్స్‌లో డిక్షనరీ, తర్వాత పర్సనల్ డిక్షనరీ, అందులో తెలుగు ఎంచుకుని కూడిక గుర్తు నొక్కండి. ఊరి పేరు ఒక్కటే ఎక్కిస్తే సరిపోదు. శ్రీకాళహస్తి, శ్రీకాళహస్తిలో, శ్రీకాళహస్తికి, శ్రీకాళహస్తి నుంచి అని తరచూ వాడే రూపాలు కూడా ఎక్కించండి. ఇంటిపేర్లకీ అంతే. పదం కింద షార్ట్‌కట్ గడి ఉంటుంది. అక్కడ రెండు మూడు అక్షరాలు ఇస్తే, అవి కొట్టగానే ఇంటి చిరునామా మొత్తం పట్టీలోకి వస్తుంది. ఆధార్ నంబరు, పాస్‌వర్డులు మాత్రం ఇందులో పెట్టకండి, ఫోన్ చేతిలో ఉన్న ఎవరికైనా కనబడతాయి.

ఈ డిక్షనరీతో ఇంకో ఇబ్బంది కూడా తీరుతుంది. ‘ఫేస్‌బుక్’ అని కొట్టబోతే స కింద బ ఒత్తు పడి ‘ఫేస్బుక్’ అవుతుంది. పొల్లుకీ తర్వాతి హల్లుకీ మధ్య, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు ఉంటేనే రెండూ విడిగా నిలుస్తాయి. సాఫ్ట్‌వేర్, రైల్వే బుకింగ్ రాతల్లో వచ్చే ఆన్‌లైన్ లాంటివన్నీ ఇంతే. సరిగా ఉన్నచోటి నుంచి ఆ పదాన్ని కాపీ చేసి పర్సనల్ డిక్షనరీలో పేస్ట్ చేస్తే గుర్తుతో సహా దాచుకోవచ్చు. ఇది చిన్న గుర్తే అయినా తేలిగ్గా తీసుకోవద్దు: 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లు మూతపడేలా చేసిన ‘జ్ఞా’ అక్షరం వరసలో ఉన్నదీ ఇదే. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు.

ఒకసారి తప్పుగా కొట్టి వదిలేసిన పదాన్ని కీబోర్డు నేర్చేసుకుంటుంది. ‘పెళ్లి’కి బదులు ‘పెల్లి’ పట్టీలో ముందుకు వస్తుంటే దాన్ని వేలితో నొక్కిపట్టి, పైన కనబడే చెత్తబుట్ట బొమ్మ మీదకి లాగి వదలండి. ప్రైవసీలో డిలీట్ లర్న్డ్ వర్డ్స్ అండ్ డేటా అని ఉంటుంది గానీ, అది నేర్చుకున్న మంచి పదాలనీ ఊడ్చేస్తుంది. ఫోన్ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు వాడటానికి బాగుంటుంది, ఒకటి రెండు తప్పుల కోసం దాని జోలికి పోవద్దు.

ఐఫోన్ వాళ్లకి దారి సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్. ఆటో కరెక్షన్, ప్రిడిక్టివ్ టెక్స్ట్ అక్కడ విడివిడిగా ఉంటాయి. షార్ట్‌కట్ల పని టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ చేస్తుంది.

అమ్మానాన్నల ఫోన్‌లో మాత్రం పైవాటికంటే ముందు జీబోర్డు సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్ చూడండి. పెద్దవాళ్లు మీటని కాస్త ఎక్కువసేపు అదిమిపడతారు, దాంతో అనుకున్న అక్షరం బదులు దాని వెనక దాగి ఉన్న వేరే గుర్తు పడుతుంది. వాళ్లు దాన్నీ ఆటోకరెక్ట్ అనుకుంటారు. కీ లాంగ్ ప్రెస్ డిలేని 500 మిల్లీసెకన్ల దాకా పెంచి, కీబోర్డు ఎత్తు పెద్దది చేయండి. వాడని భాషల కీబోర్డులు తీసేయండి, లేకపోతే గ్లోబు గుర్తు మీద వేలు తగిలిన ప్రతిసారీ ‘ఫోన్ పాడైంది’ అని మీకు ఫోన్ వస్తుంది.